మావయ్యగారు ఆపమన్న చోటల్లా

మా ఇంట్లో ఒక ఫొటో ఆల్బమ్ ఉంది. అందులో గొర్రెలున్నాయి, మళ్ళీ గొర్రెలున్నాయి, రెండు వాగులు, ఒక కంచె, తర్వాత ఇంకొన్ని గొర్రెలున్నాయి. ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ దాన్ని తిరగేసి, "మీకు ప్రకృతంటే ఎంత ఇష్టమండీ!" అంటారు. అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వుకి కారణం చెప్పాలంటే నా పరువు కాసేపు తీసి పక్కన పెట్టాలి. వయసు మీద పడ్డాక పరువు బరువు కొంచెం తగ్గింది కాబట్టి, ఇప్పుడు చెప్పేస్తాను.

అది రెండు వేల ఐదో, ఆరో. మేం న్యూజిలాండ్‌లోని హామిల్టన్ వచ్చి నాలుగేళ్ళయింది. పాడి రైతుల ఆవుల వివరాలు భద్రపరిచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా ఉద్యోగం. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ నాకు స్కూటరు తప్ప మరొకటి రాదు. కారు నడపడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి పాసైన మర్నాటి నుంచి మాత్రం, నాలాంటి డ్రైవరు ఈ దేశంలో లేడని నాకు గట్టి నమ్మకం కలిగింది. హామిల్టన్ చుట్టుపక్కల రోడ్లు బల్లపరుపుగా, తిన్నగా ఉంటాయి. నాలుగేళ్ళలో నేనెవర్నీ గుద్దలేదు. నన్ను చూసి ఎంతమంది పక్కకి తప్పుకున్నారో మాత్రం ఎప్పుడూ గమనించలేదు.

మా ఆవిడ లైసెన్సు పరీక్ష మొదటిసారికే పాసైంది. ఆ సంగతి నాకంత నచ్చలేదని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. పాసైన నెలకే ఒక మధ్యాహ్నం ఆమె నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. నాలుగు రోడ్లు కలిసే చోట ఒక పెద్ద రౌండబౌట్ వచ్చింది. "వెళ్ళు. ఆగు. ఇప్పుడు వెళ్ళు. అబ్బబ్బ, ఎవడిచ్చాడు నీకు లైసెన్సు?" అని అరిచాను. ఆమె కారు సరిగ్గా రౌండబౌట్ మధ్యలో ఆపింది. నాలుగు లైట్లూ వెలిగేలా మీట నొక్కింది, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది, దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. హారన్ కొట్టే అలవాటు లేని దేశంలో ఆ రోజు నేను చాలా హారన్లు విన్నాను. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు. లైసెన్సు కార్డు బ్యాగులోనే పడి ఉండేది.

ఆమె చదివింది మైక్రోబయాలజీ. చేస్తున్నది ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఉన్న సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే పని. ఆ డిసెంబరులో, పాలు పరీక్ష చేసే ఒక ల్యాబ్ నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. ల్యాబ్ నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. అక్కడికి బస్సు లేదు, షిఫ్టు పొద్దున ఆరింటికి. వచ్చే సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

"రాలేనని చెప్పేస్తాను," అంది.

"నేను దింపుతాగా," అన్నాను.

"మీరు ఆరింటికి లేచిన రోజు ఒకటి చెప్పండి."

"పోనీలే, ఇంకోటి దొరుకుతుంది," అన్నాను. అలాంటి ఉద్యోగం కోసం ఆమె రెండేళ్ళుగా అప్లికేషన్లు పెడుతోందని నాకు తెలుసు. ఇప్పుడు ఎందుకు వదులుకుంటోందో కూడా తెలుసు. రౌండబౌట్ మాట మాత్రం ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు మమ్మల్ని చూడ్డానికొచ్చారు. అత్తయ్యగారు రెండో కూతురి పురిటికని ఉండిపోయారు. మావయ్యగారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ఇరవయ్యేడేళ్ళు ఎర్రబస్సు నడిపారు, అందులో ఎక్కువ కాలం రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం. సన్నగా, పొట్టిగా ఉంటారు, తక్కువ మాట్లాడతారు. అల్లుడంటే వాళ్ళ వైపు ఉన్న మర్యాద మామూలుది కాదు. నేను హాల్లోకొస్తే లేచి నిలబడేవారు. వద్దంటే, "నడుం పట్టేసిందండి, అందుకని లేచానండి" అనేవారు. ఒకసారి నేను వండిన కూరలో ఉప్పు మర్చిపోయాను. "ఈమధ్య డాక్టర్లంతా ఇదే చెబుతున్నారండి" అని మారు వడ్డించుకుని తిన్నారు. అల్లుణ్ణి తప్పుపట్టే మాట ఆయన నోట రాదు. అలాంటి మనిషి మౌనాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఆయనకి దేశం చూపించాలని వారం సెలవు పెట్టాను. కోరమాండల్ కొండల్లో ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. ఆ పేరు వినగానే ఆయన, "రాజమండ్రి మీదుగా పోయే మన రైలు పేరు ఇక్కడెవరు పెట్టారండి?" అని ఆశ్చర్యపోయారు. అక్కడే ఉండి రోజుకో వైపు కారులో తిరిగి రావాలని ప్లాను. ఏ రోజు ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో కంప్యూటర్లో టైమ్‌టేబుల్ తయారుచేసి ముగ్గురికీ తలో కాపీ ఇచ్చాను. ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరుకి నేను కొండదారుల్లో కారు నడిపి చూపించబోతున్నాను. హనుమంతుడి ముందు కుప్పిగంతులంటారే, వాటికి టైమ్‌టేబుల్ కూడా వేశానన్నమాట.

గెస్ట్‌హౌస్ విటియాంగా అనే ఊరికి ఇవతల, ఒక లోయలో పొలం మధ్య ఉంది. దాన్ని నడిపే ఆవిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, కోళ్ళని తిడుతూ తిరిగేది. పొద్దున్నే టోస్టు పెట్టి, బల్ల మీద మ్యాపు పరిచి, ఆ రోజు మేం వెళ్ళే దారిని పెన్సిల్‌తో గీసి చూపించేది. చివర్లో "రోడ్డు కొంచెం మెలికలుంటుంది" అని ఒక మాట చేర్చేది. ఈ దేశంలో పొలాల మధ్య బతికేవాళ్ళు ఒక కొండ విరిగిపడినా "కొంచెం మట్టి జారింది" అంటారని నాకప్పటికి తెలియదు.

పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉంది. మొదటిరోజు పొద్దున నేను లేచేసరికి మావయ్యగారు కారు తుడిచి, టైర్లు కాలితో తన్ని చూసి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉన్నారు. ఆ చెట్టు కాయలు కోసుకోవచ్చా అని ఆవిణ్ణి సైగలతో అడిగారట. కారు కదలగానే అవి పటుక్కుమన్నాయి. ఆవిడ గుమ్మంలోంచి కళ్ళింత చేసుకుని చూసింది. "ప్రయాణం బాగా జరగాలని మా ఆచారం," అని అద్దం దించి గర్వంగా చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడే నాలుగు కాయలు కోసి గుమ్మం దగ్గర ఒక సాసర్లో పెట్టేది. "బస్సుకి రోజూ ఇలాగే పెట్టేవారేమో, అలవాటు పోలేదు," అన్నాను మా ఆవిడతో. ఆమె ఏదో చెప్పబోయి, ఊరుకుంది.

ఆ రోజు హాట్ వాటర్ బీచ్‌కి. ముందు సీట్లో నా పక్కన మావయ్యగారు, వెనక మా ఆవిడ, ఆమె పక్కన పులిహోర, పెరుగన్నం. కారు జపాన్ నుంచి దిగుమతైన పాత బండి. దాని రేడియోకి ఇక్కడి స్టేషన్లు సగం అందవు, కాబట్టి ఆ లోటు నేనే తీర్చేవాణ్ణి. ఎదురొచ్చే బళ్ళవాళ్ళు స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తి పలకరిస్తున్నారు. మావయ్యగారు వాళ్ళందరికీ చెయ్యి నిండా ఎత్తి దణ్ణంలాంటిది పెట్టారు. ఒక పెద్ద మలుపు తిరిగి ఏదో చెబుతుండగా, ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాబుగారూ, ఆ గొర్రెలు భలేగున్నాయండి. కాస్త పక్కకి ఆపుతారా?"

ఆపాను. ఆయన దిగి గొర్రెల వైపు ఒక క్షణం, మేం వచ్చిన మలుపు వైపు చాలాసేపు చూశారు. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో నేను గొర్రెల్ని ఫొటో తీశాను. గొర్రెలు నావైపు తిరగనైనా లేదు. ఆయన ఓ పెద్ద ఊపిరి తీసి వదిలి, "పదండి" అన్నారు. బీచ్ చేరేలోగా ఇంకో మూడుచోట్ల గొర్రెలు ఆయనకి భలేగా కనిపించాయి. ఇసకలో గొయ్యి తవ్వితే వేణ్ణీళ్ళు ఊరాయి. ప్యాంటు మడిచి అందులో కాళ్ళు పెట్టుకుని, "కాళ్ళ వణుకు తగ్గిందండి," అన్నారు. ఇక్కడ డిసెంబరంటే నడి వేసవి. అప్పుడు కాళ్ళెందుకు వణికాయో నాకు తోచలేదు, చలి దేశం కదా అనుకున్నాను.

రెండోరోజు కొండ మీదుగా కంకర దారిలో కోరమాండల్ ఊరికి. దిగుడు పొడవునా బ్రేకు తొక్కిపెట్టి జాగ్రత్తగా దింపుతున్నాను. కారులో ఏదో మాడిన వాసన. "పులిహోర పోపు మాడినట్టుంది," అన్నాను వెనక్కి తిరిగి.

"ముందు చూడండి," అంది మా ఆవిడ.

"ఇక్కడ గాలి చాలా బాగుందండి బాబుగారూ," అన్నారు మావయ్యగారు. "ఓ అరగంట కూర్చుని పోదామండి."

వాగు పక్కన కూర్చున్నాం. ఆయన ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, దానికి దగ్గరగా అరచెయ్యి పెట్టి చూసి, చటుక్కున తీసేశారు. తర్వాత తాపీగా అడిగారు. "గేరు కాడ ఆ చివర ఎల్ అని ఉందేంటండి?"

"అది నెమ్మదిగా పోయేవాళ్ళ కోసమండి," అన్నాను. "మనకి అక్కర్లేదు."

"ఆయ్," అన్నారాయన. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద భారం పడకుండా ఇంజనే బండిని పట్టుకోడానికి ఉన్న గేరు అది. అన్నేళ్ళు ఘాట్ దిగిన మనిషికి నేను దాని గురించి వివరించాను. ఆ అరగంట నేను వాగుని రెండు కోణాల్లో ఫొటో తీశాను.

మూడోరోజు సన్నటి జల్లు. దారి ఇంకా ఇరుకు. ఒకచోట ఎడమ అద్దానికి ఏదో రాసుకున్నట్టయింది. "బాబుగారూ, ఈ కంచె ఎంత బాగా కట్టారండి! ఒక్కసారి చూసిపోదామండి." మామూలు చెక్క గుంజలు, ముళ్ళతీగ. అయినా అతిథి కోరిక కాబట్టి ఆపి, కంచెని ఫొటో తీసి, న్యూజిలాండ్ కంచెల గురించి తెలిసిందీ తెలియందీ కలిపి ఒక పావుగంట చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నారు. వెనక సీట్లో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, భుజాలు అదురుతున్నాయి. చలేస్తోందనుకుని హీటర్ పెంచాను.

ఆ సాయంత్రం వసారాలో కూర్చున్నప్పుడు ఆమె నాన్నకి ఉద్యోగం సంగతి చెప్పింది. సోమవారం ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానంది.

"బండి ఉంది, లైసెన్సు ఉంది. నువ్వే నడుపుకుని ఎల్లొచ్చు కదమ్మా?"

"నాకు రాదు నాన్నా. లైసెన్సు ఏదో అదృష్టం కొద్దీ వచ్చింది."

ఆయన కూతురి వైపు చూశారు, తర్వాత నావైపు. అదేమీ కోపపు చూపు కాదు. నేను మాత్రం అప్పుడే నా మోచేతి మీద ఏదో పురుగు వాలినట్టు చేసుకుని చాలా శ్రద్ధగా దాన్ని తోలాను. పురుగు లేదు. నావల్లే మావయ్యా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. అప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగోరోజు టైమ్‌టేబుల్లో అన్నిటికంటే దూరం. ఆ కొండలున్న ద్వీపకల్పానికి ఉత్తరపు కొసన ఉన్న పోర్ట్ జాక్సన్. "ఆ చివర కొంచెం ఇరుకు," అంది గెస్ట్‌హౌస్ ఆవిడ. అంతకు ముందెప్పుడూ అనని మాట ఇంకోటి కూడా అంది, "నిజంగానే ఇరుకు" అని. నేను నవ్వాను. మావయ్యగారు సాసర్లోంచి నిమ్మకాయలు తీసుకుని, ఆ రోజు ఇంకో కాయ అడిగి కారు ముందు కూడా పెట్టారు.

కాల్విల్ అనే చిన్న ఊరు దాటాక తారు అయిపోయింది. ఎడమపక్క సముద్రం, కుడిపక్క కొండ, మధ్యలో ఒకటిన్నర కారు పట్టే కంకర దారి. పొహుటుకావా చెట్లు ఒళ్ళంతా ఎర్రగా పూసి నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. ఎంత అందంగా ఉందో ఫొటోల్లో చూపించలేను, ఎందుకంటే ఆ దారిలో ఆపడానికి చోటు దొరకడం అరుదు. మావయ్యగారు రెండుసార్లు గొంతు సవరించుకుని, చోటు లేదని చూసి ఊరుకున్నారు. ఆయన కుడికాలు మాత్రం నేలని గట్టిగా తొక్కిపెట్టి ఉంది.

ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ. రెండంతస్తుల గొర్రెల లారీ, నిండా గొర్రెలు. లారీ అతను నిక్కరు వేసుకున్న పెద్దమనిషి. ఇంజన్ ఆపి, తల బయటపెట్టి, తను వెనక్కి పోలేనని సైగ చేశాడు. "టేక్ యువర్ టైమ్, మేట్," అన్నాడు. మేం దాటొచ్చిన వెడల్పు చోటు వంద గజాల వెనక ఉంది. అంటే నేను ఆ మలుపులో వంద గజాలు వెనక్కి నడపాలి.

రివర్స్ వేశాను. కారు కొండ వైపు పోయింది. సరిచేశాను, సముద్రం వైపు పోయింది. మళ్ళీ సరిచేశాను, మరీ సముద్రం వైపు పోయింది. వెనక చక్రం కింద రాళ్ళు కదిలి జారాయి. అవి కింద పడ్డ చప్పుడు మాత్రం కాసేపటిదాకా వినపడలేదు.

"ఏవండీ, ఆపండి!" అంది మా ఆవిడ.

ఆపాను. "ఈ జపాన్ కార్ల అద్దాలే ఇంత. ఏమీ కనపడవు," అన్నాను. ఆడలేక మద్దెల ఓడు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. స్టీరింగ్ మీంచి చేతులు తీద్దామంటే రావడం లేదు.

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"బాబుగారూ, ఇక్కణ్ణించి సముద్రం చాలా బాగుందండి. కాస్త దిగి ఒక ఫొటో తీద్దురూ."

నేను ఆయన వైపు చూశాను. ఎదురుగా లారీ, చక్రానికి జానెడు దూరంలో అంచు. ఈయనేమో ఫొటో తియ్యమంటున్నారు. ఆయన నావైపు చూడ్డం లేదు. తిన్నగా ముందుకి చూస్తూ, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎంతో మర్యాదగా కూర్చుని ఉన్నారు.

అప్పుడు తెలిసింది. మొదటిరోజు గొర్రెలు కనపడింది, నేను గుడ్డి మలుపుని రోడ్డు మధ్యలోంచి తిప్పిన మరుక్షణం. గాలి బాగుందన్నది కాలిపోతున్న బ్రేకులు చల్లారడానికి. కంచెని మెచ్చుకున్నది నేను దాన్ని గీరుకుంటూ పోతున్నప్పుడు. ఆయనకి గొర్రెలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. అల్లుణ్ణి మాటనకుండా బండి ఆపించడానికి రోడ్డు పక్కన ఏది కనబడితే దాన్ని మెచ్చుకున్నారు. నాలుగు రోజులుగా నా కెమెరాలోకి చేరినవన్నీ నా తప్పులే.

నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది. తర్వాత స్టీరింగ్ మీంచి వేళ్ళని ఒక్కొక్కటే విడదీసుకున్నాను. కెమెరా తీసుకుని దిగాను.

ఆయన వైపు తలుపు తీస్తే నేరుగా సముద్రమే. అరవై దాటిన మనిషి గేరు దాటుకుని నా సీటు మీదుగా జరిగి నా వెనకాలే దిగారు. నాలుగు రోజులుగా అంచు వైపు కూర్చున్నది ఆయనే అని కూడా అప్పుడే గుర్తించాను. ఆయన తన లైసెన్సు రిటైరయ్యాక మళ్ళీ రాయించుకోలేదు, కాబట్టి స్టీరింగ్ ముట్టుకోరు. వెనక తలుపు తీశారు.

"అమ్మాయ్, రా. నువ్వు కూర్చో."

"నావల్ల కాదు నాన్నా."

"నీకు బెల్లు తెలుసు కదా."

ఆమె చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయన బస్సులో ఇంజన్ పెట్టె మీద కూర్చుని భద్రాచలం దాకా పోయి వచ్చేదట. ఒక బెల్లు కొడితే ఆపడం, రెండు కొడితే కదలడం. ఘాట్‌లో బస్సు వెనక్కి తియ్యాల్సొస్తే కండక్టరు దిగి వెనక రేకు మీద అరచేత్తో కొట్టేవాడట.

"ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే రా," అన్నారాయన. "అంచు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చప్పుడు విను, చాలు."

ఆమె దిగి నిలబడి నావైపు చూసింది. నా నోట్లో అప్పటికి ఒక వంద సలహాలు తయారుగా ఉన్నాయి. నోరు తెరిచాను. మూసుకున్నాను. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆమెకి నేను చేసిన మొదటి మేలు అదేనేమో. పక్కకి తప్పుకుని కొండకి ఆనుకుని నిలబడ్డాను.

మావయ్యగారు కారు వెనక్కి వెళ్ళి డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టారు. కారు ముందు సన్నగా ఒణికి, తర్వాత నెమ్మదిగా వెనక్కి కదిలింది. ఒక దెబ్బ. ఆగింది. ఆయన వంగి చక్రం చూసి, చేత్తో కొండ వైపు చూపించి, మళ్ళీ రెండు కొట్టారు. అలా ఎన్నిసార్లు ఆగిందో లెక్క లేదు. ఆయన ఒక్కసారి కూడా కేకెయ్యలేదు. తొందరపెట్టలేదు. లారీ అతను చేతులు కట్టుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు. మలుపు దాకా వచ్చేసరికి ఆ ఆగడాల మధ్య దూరం పెరిగింది. చివరి ముప్పై గజాలు ఆగకుండా వచ్చి, వెడల్పు చోటులోకి తిన్నగా దూరింది. ఒక దెబ్బ పడింది. నేను సముద్రం వైపు పెట్టాల్సిన కెమెరాని వాళ్ళిద్దరి వైపు పెట్టి నొక్కాను. నా కళ్ళు తడిగా ఉండటంతో అది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోలేదు.

లారీ మమ్మల్ని దాటుకుంటూ పోయింది. పలకల సందుల్లోంచి గొర్రెలు బయటికి చూస్తున్నాయి. లారీ అతను స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తాడు, నాకు కాదు, ఆమెకి. ఆమె కూడా ఒక వేలు ఎత్తింది.

నేను కారు దగ్గరికి వెళ్ళేసరికి ఆమె డ్రైవర్ సీట్లోంచి లేవలేదు. మావయ్యగారు ముందు సీట్లో కూర్చున్నారు. నేను నోరు మూసుకుని వెనక్కి వెళ్ళి పులిహోర పక్కన కూర్చున్నాను. పోర్ట్ జాక్సన్ వెళ్ళాం, తిన్నాం, తిరిగొచ్చాం. గెస్ట్‌హౌస్ దాకా ఆమే నడిపింది. కొండ దిగేటప్పుడు గేరుని ఎల్ లోకి లాగింది. నాలుగు రోజులుగా రెప్ప వెయ్యని మావయ్యగారు కోరమాండల్ ఊరు దాటకముందే గురక పెట్టి నిద్రపోయారు.

ఆ రోజు దారిలో చూడ్డానికని ఎక్కడా ఆగలేదు. ఒక్కసారి ఆగాం, అది నాకోసం. వెనక సీట్లో ఆ మెలికలకి నా కడుపులో తిప్పేసింది. కంచె పట్టుకుని వంగి నా మానాన నేను కక్కుకుంటూ ఉంటే, ఆమె అద్దం దించి నీళ్ళ సీసా అందించింది.

"ఏవండీ, గొర్రెలు బాగున్నాయా?" అని అడిగింది.

అంటే ఆమెకి మొదటిరోజు నుంచీ తెలుసు.

ఇంకా వెలుతురుండగానే గెస్ట్‌హౌస్ చేరాం. ఆయన స్నానానికి వెళ్ళాక వసారాలో ఆమెతో చెప్పాను. "ఆ రౌండబౌట్ దగ్గర తప్పు నీది కాదు. నువ్వు సరిగ్గానే పోతున్నావు. నేను అరవకపోతే పోయేదానివి."

"ఆ ముక్క చెప్పడానికి మీకు రెండేళ్ళు పట్టింది," అంది. కళ్ళు తుడుచుకుంది, నవ్వలేదు. "ఇంకోసారి అరిస్తే ఈసారి మిమ్మల్ని దింపేస్తాను," అంది. సరేనన్నాను.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర సాసర్లో ఐదు నిమ్మకాయలున్నాయి. మావయ్యగారు వాటిని తీసుకుని కారు వైపు కాకుండా వంటింటి వైపు నడిచారు. "పులిహోరలోకి చింతపండు అయిపోయిందటండి," అన్నారు.

"టైర్లకి వద్దా?" అన్నాను.

"నాన్న బస్సుకి ఎప్పుడూ నిమ్మకాయలు పెట్టలేదు," అంది మా ఆవిడ, తాళాలు చేతిలో ఊపుతూ. గెస్ట్‌హౌస్ ఆవిడ కిటికీలోంచి మా టైర్ల కింద వెతికి చూసి, ఏదో మర్చిపోయారని మాకు చెయ్యి ఊపింది.

సోమవారం ఆమె ల్యాబ్‌కి ఫోన్ చేసి, వస్తానని చెప్పింది. చెబుతున్నంతసేపూ నేను పక్కగదిలో గోడకి ఆనుకుని వింటూ ఉన్నాను.

నెల తర్వాత మావయ్యగారిని ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో దింపాం. అక్కడి దాకా కూడా ఆమే నడిపింది. ఫొటోలన్నీ రెండేసి కాపీలు కడిగించి ఒక సెట్టు కవర్లో పెట్టి ఆయనకిచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే చూశారు. గొర్రెల దగ్గర, వాగు దగ్గర, కంచె దగ్గర కూడా మర్యాదకి ఒక్కో క్షణం ఆగారు. చివర్లో ఒకటి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. అది మసకగా వచ్చింది. డిక్కీ మీద ఎత్తిన ఆయన చెయ్యి, చుట్టూ దుమ్ము, పక్క అద్దంలో ఆమె ముఖం సగం. మిగతావి కవర్లో సర్ది నా చేతికిచ్చేశారు.

"ఇయ్యన్నీ మీరు కష్టపడి తీసినవి బాబుగారూ. మీ దగ్గరే ఉండాలండి," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు అలవాటుగా వెనక తలుపు తియ్యబోయాను. "ముందు కూర్చోండి, పర్లేదు," అంది మా ఆవిడ. కూర్చున్నాను. గొర్రెల కవరు ఒళ్ళో పెట్టుకుని చాలా దూరం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆక్లాండ్‌కి దక్షిణాన బాంబే అని పిలిచే కొండల దగ్గర హైవే మీద ఒక ట్రక్కుని దాటడానికి ఆమె వేగం పెంచింది. నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. గొంతు సవరించుకున్నాను.

"ఆ ఆవులు భలేగున్నాయి," అన్నాను. "కాస్త పక్కకి ఆపుతావా?"

ఆమె నవ్వింది గాని, ఆపలేదు.